దేవుడికి తగ్గిన బెల్లం

మొన్న అంగన్‌వాడీ ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆడపిల్లలకు శిక్షణ తరగతి పెట్టి నన్ను మాట్లాడమని పిలిచారు. పిలిచినవాళ్లే మధ్యలో మైకు తీసేసుకుని, "పెద్దావిడ అలసిపోయారు" అని బంతిపూల దండ వేసి కూర్చోబెట్టారు. నేను అలసిపోలేదు. అసలు సంగతికి అప్పుడే వస్తున్నాను. నా తర్వాత లేచిన ఆఫీసరు మాత్రం పెట్టిన అన్నాలు చల్లారిపోయేదాకా మాట్లాడాడు. పసిబిడ్డ పౌష్టికత గురించి ఆయన చెప్పిన తీరు చూస్తే, పసిబిడ్డను ఒకసారైనా ఎత్తుకున్న మనిషిలా అనిపించలేదు.

కాగితం దగ్గర మైకు లాక్కునేవాళ్లు ఉండరు. అందుకని ఆ రోజు నోట్లో ఆగిపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు పెద్ద ఉద్యోగం ఇచ్చారు వంటివి రాయను. పెద్ద ఉద్యోగం ఇవ్వవలసినప్పుడు ఇవ్వలేదు, అంతే.

కుర్చీ

పందొమ్మిది వందల యాభైల్లో నన్ను మైదుకూరు పక్క ఒక చిన్న ఆస్పత్రికి వేశారు. నేను హెల్త్ విజిటర్‌ను. నర్సును కాను, మంత్రసానిని కాను. ఇల్లిల్లూ తిరిగి బాలింతలను, పసిపిల్లలను చూసుకుని, ఏం పెట్టాలో ఎట్లా పెంచాలో చెప్పడం నా పని. ఈ మాట ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. అందరూ విని, తల ఊపి, "సరే నర్సమ్మా" అన్నారు.

మా డాక్టరుది గోదావరి వైపు. మంచి వైద్యుడే, కాదనను. కానీ ఆస్పత్రిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీ ఆయనది. కాంపౌండరుకు స్టూలు ఉండేది. నాకు కిటికీ గట్టు ఉండేది. నాకూ ఒక కుర్చీ తెప్పించండి అని అడిగితే, "నిలబడి చేసే పనికి కుర్చీ ఎందుకు సుగుణమ్మా?" అన్నాడు. అది నవ్వులాటకు అన్నాడని కాంపౌండరు నాకు చెప్పాడు. ఆ నవ్వులాట ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే చెక్కపెట్టెలో మాకు పసిపిల్లల తక్కెడ వచ్చింది. తెల్లటి తొట్టి, కింద బరువును పౌన్లలో చూపే ముల్లు, చూడముచ్చటగా ఉండేది. బిడ్డ పెరుగుతున్నదా, ఆగిపోయిందా అనేది కంటికి తెలియకముందే తూకానికి తెలుస్తుందని మాకు మద్రాసులో నేర్పారు. ఆ తక్కెడను మొదట వాడింది నేను కాదు. డాక్టరు వంటవాడు ఆదివారం నాడు అందులో పొట్టేలు మాంసం తూచాడు. నేను అరిస్తే డాక్టరు, "కడిగి పెడతాడులే" అన్నాడు. కడిగి పెట్టాడు. వాసన మాత్రం పోలేదు.

తూకం అంటే అమ్మకం

ఆ తక్కెడ నెత్తిన పెట్టించుకుని పల్లెకు పోతే ఒక్క తల్లి కూడా బిడ్డను ఇవ్వలేదు.

"ఏమ్మే, నా బిడ్డేమన్నా చెనిక్కాయల మూటనా? తూకమేసి ఎవురికి అమ్మాల?" అని ఒకామె తలుపు వేసుకుంది. ఆ సీమలో అప్పుడు తూకం రెండే సందర్భాల్లో వేసేవారు. సరుకు అమ్మేటప్పుడు, లేదా బిడ్డ ఎత్తు బెల్లం దేవుడికి మొక్కుకున్నప్పుడు. ఉత్తపుణ్యానికి బిడ్డను తూచి, ఎంతుందో నలుగురిలో చెప్పడం అంటే పిలిచి దిష్టి పెట్టించినట్టే.

మద్రాసులో ఇది నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, మొదటి వారమే ఒక బొద్దు బిడ్డను చూసి, "అబ్బ, ఎంత బాగా ఒళ్లు చేశాడో" అని ఉండేదాన్ని కాదు. ఆ మాట నోట్లోంచి వచ్చీరాగానే ఆ తల్లి ఉప్పు, మిరపకాయలు తెచ్చి బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు బిడ్డ దగ్గాడు. దగ్గు నా కంటివల్లనే వచ్చిందని ఊరంతా పాకింది. తప్పు నాకు నేర్పనివాళ్లది, నింద నాది.

మీకు చెప్పేది ఒకటే. ఏ ఇంట్లో ఏ మాట అనకూడదో ముందు తెలుసుకోండి. ఏం తినాలో చెప్పడం ఆ తర్వాత.

చెడుగుడు బరి

కరువు రోజుల్లో డబ్బాల్లో పాలపొడి వచ్చింది. చంటిపిల్లల తల్లులకు పంచమన్నారు. ఎట్లా కలపాలో నేను ఇంటింటికీ చెప్పాను. నీళ్లు కాగబెట్టాలి, పలచగా కలపాలి, అప్పటికప్పుడు తాపాలి. వాళ్లు చిక్కగా కలిపి, పొద్దున కలిపింది రాత్రిదాకా తాపారు. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. "ఇది పాలు కాదు, సున్నం" అని తేల్చేశారు. వారం తిరక్కుండానే ఆ ఊరి పడుచువాళ్లు పాలపొడితో చెడుగుడు బరికి గీతలు గీశారు. పిల్లులు వచ్చి ఆ గీతలు నాకుతుంటే ఆట ఆగిపోయేది. అప్పుడే డాక్టరు జీపు దిగాడు.

"సుగుణమ్మా, ఊరిలో పిల్లులు బాగా పుష్టిగా ఉన్నాయే" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అది నేను గీసిన గీత కాదు.

నాగమ్మ ఇల్లు

ఇక అసలు సంగతి. ఊరి పేరు చెప్పను. వాళ్ల వాళ్లు ఇప్పుడు పెద్ద పెద్ద పనుల్లో ఉన్నారు.

కాలవ కింద మడి ఉన్న మోతుబరి ఇల్లు అది. ఇంటి పెత్తనం నాగమ్మది. కొడుకుకు పెళ్లయిన చాలా ఏళ్లకు మనవడు పుడితే రామసుబ్బయ్య అని పేరు పెట్టుకుంది. బిడ్డకు ఐదేళ్లు నిండేదాకా ఏటా ఒంటిమిట్ట రాములవారికి బిడ్డ ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకుంది. మొదటి ఏడు ఘనంగా ఇచ్చింది కూడా. అప్పుడు తల్లిపాలు తాగే బిడ్డ, నిండుగా ఉండేవాడట.

ఆ తర్వాత కోడలు లక్ష్మికి మళ్లీ నెల తప్పింది. పాలు మాన్పించారు. నేను చూసేనాటికి రామసుబ్బడికి రెండో ఏడు నడుస్తోంది. వాడు మాత్రం నడవడం లేదు. తొడల మీద చర్మం వేలాడుతోంది, జుట్టు ఎర్రబారింది, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఏం పెడుతున్నారని అడిగితే లక్ష్మి అత్త వైపు చూసింది. నాగమ్మ చెప్పింది.

"మా ఇంట్లో వరన్నమే. గంజి తేట, మెత్తని అన్నం, పొద్దున రోంత కాఫీ. సంగటి గింగటి మా ఇంట్లో బిడ్డలకు పెట్టం."

"పప్పు?"

"వాతం."

"చెనిక్కాయలు?"

"పైత్యం."

"ఆకుకూర?"

"కడుపు పారుకుంటాది."

పెరట్లో, ఆ ఇంట్లో పనిచేసే మాబున్ని అనే ఆమె కొడుకు పీరుగాడు ఉన్నాడు. రామసుబ్బడి ఈడే. రాగిసంగటి ముద్దను చెనిక్కాయల ఊరిబిండిలో, అంటే వేరుశనగ పచ్చడిలో అద్దుకుని, ముక్కు దాకా పూసుకుని తింటున్నాడు. వాడు లేచి పరిగెత్తుతూ వచ్చి నా కాలికి తగిలితే నేను పడబోయాను.

"నాగమ్మా, వాడు తినేదే నీ మనవడికి పెట్టు" అన్నాను.

ఆ తర్వాత ఆమె అన్న మాట నేను అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"పెండ్లీ పెటాకులూ లేనిదానివి, పిల్లల సంగతి నీకేం తెలుసు మే? కూలోళ్ల కూడు నా మనవనికి పెట్టమంటాండావా? పో, పోయి నీ తక్కెడతో పొట్టేల్ని తూచుకో."

మాంసం సంగతి అంత దూరం ఎట్లా పోయిందో నాకు తెలియదు. అది కూడా వంటవాడి ఖాతాలోనే వేసుకున్నాను.

ఆస్పత్రికి పోయి డాక్టరుకు చెప్పాను, ఈ బిడ్డ ఇట్లాగే ఉంటే వచ్చే వానలు చూడడు అని. జ్వరమో విరేచనమో ఏది తగిలినా చాలు. ఆయన వచ్చి చూశాడు. నాగమ్మ ఆయనకు పీట వేసి, మజ్జిగ ఇచ్చి, చెప్పినదంతా విని, ఏదీ చేయలేదు. నాకు మజ్జిగ కూడా ఇవ్వలేదు.

తిరునాళ్ల

శ్రీరామనవమికి ఒంటిమిట్టలో తిరునాళ్ల. జనం చేరే చోట కలరా సూదులు వేయడానికి మమ్మల్ని పంపేవారు. గుడి బయట పందిరి కింద డాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీని జీపులో ఇక్కడిదాకా మోసుకొచ్చారు. నేను పొద్దున్నుంచీ నిలబడి సూదులు వేస్తున్నాను.

మా పందిరికి ఎదురుగానే బెల్లం అంగడి. అంగడాయన దూలానికి పెద్ద తక్కెడ వేలాడదీసి, మొక్కులవాళ్లకు తూకం వేస్తున్నాడు. నాగమ్మ బండి దిగింది. వెనక లక్ష్మి, నెలల బిడ్డతో. ఆ వెనక మాబున్ని, ఒక చంకలో రామసుబ్బడు, ఇంకో చంకలో పీరుగాడు. నాగమ్మ తన ఇంటి గానుగ బెల్లం సంచితో తెచ్చింది. పోయినేడు తూగినంత, దాని పైన బిడ్డ పెరిగి ఉంటాడని ఇంకా కొన్ని అచ్చులు.

ఒక పళ్లెంలో బెల్లం పెట్టారు. ఇంకో పళ్లెంలో చాప పరిచి రామసుబ్బడిని పెట్టారు. వాడు పైకి పోయి అక్కడే ఉన్నాడు.

"ఏమప్పా, సరిగ్గా పట్టు. పళ్లెం యాడో తగులుకున్యాది" అంది నాగమ్మ.

"యాడా తగులుకోలే పెద్దమ్మా. గాలిలోనే ఉండాది."

"పైన పెట్టిన అచ్చులు తియ్."

తీశాడు. బిడ్డ కిందికి రాలేదు.

"ఇప్పుడు పోయినేటంత ఉండాది పెద్దమ్మా. ఇంకా తియ్యాలంటే..." అని ఆగిపోయాడు.

మొక్కులకు వచ్చిన జనం గుమిగూడారు. నాగమ్మ ముఖం కందగడ్డ అయింది.

"నీది దొంగ తక్కెడ!"

"ఏమన్యావు? దొంగ తక్కెడా?" అంగడాయన కండువా దులిపాడు. "మా తాత కాడి నుంచి ఇదే తక్కెడ! రాములోరి గోపురం ముందర నిలబడుకోని ఇంత మాట అంటాండావే! ఏయ్ అమ్మాయ్, నీ చంకలో పిల్లోడు ఎవురు?"

"నా బిడ్డేనప్పా" అంది మాబున్ని.

"వయసెంత?"

"పెద్దమ్మోళ్ల బిడ్డ కంటే ఒక నెల చిన్నోడు."

అంగడాయన రామసుబ్బడిని దించి మాబున్నికి ఇచ్చి, పీరుగాడిని ఎత్తి పళ్లెంలో కూర్చోబెట్టాడు. పళ్లెం దబ్బున నేలకు తగిలింది. బెల్లం పైకి లేచి, అంచున ఉన్న అచ్చు ఒకటి జారి పీరుగాడి ఒళ్లో పడింది. వాడు ఆలస్యం చేయకుండా కొరికాడు. దేవుడి బెల్లం ఎంగిలి అయిందని ఎవరో అరిచారు. నాగమ్మకు అది వినపడనే లేదు.

నేను నోరు తెరిచాను. ఎన్ని నెలలుగా దాచుకున్న మాటలో! అప్పుడు డాక్టరు కుర్చీలోంచి మెల్లగా అన్నాడు.

"సుగుణమ్మా, నోరు ముయ్యి. నువ్వు మాట్లాడితే ఆవిడ కోపం నీ మీదికి తిరుగుతుంది. కాసేపు ఆ తక్కెడ మీదే ఉండనియ్యి."

నోరు ముయ్యి అన్నందుకు ఆయన్ను నేను క్షమించలేదు. కానీ ఆయన నాతో పనిచేసిన కాలంలో చేసిన సరైన పని ఏదైనా ఉంటే అది ఇదే. మన మాటతో కానిది ఎదుటివాళ్ల కళ్లతో అవుతున్నప్పుడు మనం అడ్డం పోకూడదు. ఇది ఆయన దగ్గర నేర్చుకోవలసి వచ్చినందుకు ఇప్పటికీ నాకు బాధే.

 నాగమ్మ ఆ పళ్లేల మీంచి చూపు తీసి గోపురం వైపు తిరిగి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది.

"స్వామీ, నీకు పోయినేటి కంటే తగ్గించి ఇచ్చిపోతే నా మొగం యాడ పెట్టుకోవాల? తక్కువ ఇయ్యను. ఈ ఏటిదీ వచ్చే ఏటిదీ కలిపి అప్పుడే ఇస్తా. వీన్ని అంతదాకా చూసుకో. తతిమ్మాది నేను చూసుకుంటా."

బెల్లం మళ్లీ సంచికి ఎత్తించి, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఏమ్మే నర్సమ్మా."

"నేను నర్సమ్మను కాను. హెల్త్ విజిటర్‌ను."

"ఏదో ఒకటి. వీనికి ఏం పెట్టాల?"

"పెళ్లీ పెటాకులూ లేనిదాన్ని. పిల్లల సంగతి నాకేం తెలుసు?"

నాగమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇంకా అది పెట్టుకోని ఉండావా?"

"చచ్చేదాకా పెట్టుకుంటాను."

"పెట్టుకో, వద్దనలే. ముందు వీనికి ఏం పెట్టాలో చెప్పి, ఆనక పెట్టుకో."

 చెప్పాను. రాగులు, పప్పు, చెనిక్కాయలు, ఆకు, గుడ్డు. ఒక్కసారే కుక్కకూడదు. బిడ్డ పొట్ట వాడి గుప్పెడంత. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టాలి.

"అంటే సంగటే గదా" అంది.  పదిమందిలో తక్కెడ ముందు ఓడిపోయింది. ఇంకా కూలివాళ్ల కూడు కూడా ఒప్పుకోవాలంటే ఆ మనిషికి మెడ వంగలేదు. సంచి వైపు చూసింది. సంచిలో చెయ్యి పెట్టి ఒక బెల్లం అచ్చు తీసింది.

"ఇది స్వామి ముందర పెట్టిందే గదా?"

"పెట్టిందే" అన్నాను.

"దీంట్లో ఏం కలిపినా ప్రసాదమే గదా?"

"ప్రసాదమేనమ్మా, ఇందులో అనుమానమే లేదు" అన్నాడు డాక్టరు వెంటనే. ఆ మనిషి గుడి లోపలికి పోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"అట్లయితే రాగిపిండి కలుపుతా. చెనిక్కాయలు దంచి కలుపుతా. సంగటి కాదు అది. ప్రసాదం."

ప్రసాదం

చూడండి, ఆ ఉపాయం ఎవరిది? నాది కాదు, ఒప్పుకుంటాను. నాగమ్మది. తర్వాత డాక్టరు పెద్దాఫీసర్లకు, మా ఆస్పత్రి తరఫున బెల్లం, రాగి ఉండల పథకం పెట్టామని చెప్పుకున్నాడు. ఊరివాళ్లు రాములవారి మహిమ అన్నారు. ఉండలో నెయ్యి ఎంత, చెనిక్కాయలు ఎంత అని ఇంటికి పోయి పక్కన కూర్చుని చేయించింది నేను. నా పేరు ఎక్కడా రాలేదు.

కోడిగుడ్డు దగ్గర మాత్రం చిక్కొచ్చింది. గుడ్డు ప్రసాదం ఎట్లా అవుతుందని నాగమ్మ పట్టుబట్టింది. కాబట్టి గుడ్డు ఇంట్లో పెట్టేవారు కాదు. మాబున్ని కొట్టంలో పెట్టేది. ఆ సంగతి నాగమ్మకు తెలుసు. తనకు తెలుసని ఎవరికీ తెలియకూడదని ఆ సమయానికి దొడ్లోకి రావడం మానేసింది.

వానాకాలంలో నేను భయపడిన రోజు రానే వచ్చింది. రామసుబ్బడికి విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి. నేను పోయేసరికి నాగమ్మ పొయ్యి ఆర్పి కూర్చుంది. బిడ్డకు లంకణం అంది. నీళ్లు కూడా వద్దంది. లక్ష్మి గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

అక్కడ నేను చదువు చెప్పలేదు. అరవలేదు. ఆమె మాటే ఆమెకు చెప్పాను.

"ప్రసాదం మాన్పిస్తే స్వామికి కోపం రాదా నాగమ్మా? గడువు అడిగింది నువ్వే."

 నన్ను తిడుతుందని అనుకున్నాను. ఆమె లేచి పొయ్యి అంటించింది. ఆ రోజంతా ఉప్పు, బెల్లం వేసి కాచిన నీళ్లు, పలచని గంజి, చెంచాతో కొంచెం కొంచెంగా ఇద్దరం పట్టాం. నేను తాపితే ఆమె బిడ్డను పట్టుకుంది, ఆమె తాపితే నేను పట్టుకున్నాను. సాయంత్రానికి వాడు ఉచ్చ పోశాడు, ఒంట్లో నీరు నిలిచిందన్నమాట. నాగమ్మ ఆ తడిగుడ్డను చూసి కొడుకును పిలిచి చూపించింది. కోడలికి చూపించింది. పసిబిడ్డ ఉచ్చకు అంత సంబరం చేసిన ఇంటిని నేను మళ్లీ చూడలేదు.

పిల్లలారా, జబ్బు చేసిన బిడ్డకు తిండి, నీళ్లు మాన్పించే ఇల్లు మీకు ఇప్పటికీ దొరుకుతుంది. అక్కడ తల్లిని పట్టుకుని లాభం లేదు. పొయ్యి ఎవరి చేతిలో ఉందో వాళ్లను పట్టుకోండి.

మళ్లీ ఒంటిమిట్ట

మరుసటి ఏడు అదే పందిరి, అదే కుర్చీ, అదే డాక్టరు. నేను నిలబడే ఉన్నాను.

నాగమ్మ బండి దిగింది. ఈసారి రామసుబ్బడు చంకలో లేడు. పీరుగాడి చొక్కా పట్టుకుని వాడి వెనక నడిచొచ్చాడు. పళ్లెంలో పెడితే దబ్బున కిందికి దిగాడు. తెచ్చిన బెల్లమంతా పెట్టారు. చాలలేదు. అంగడాయన ముసిముసిగా నవ్వుతూ తన అంగడి బెల్లం తీసి పెట్టసాగాడు.

"దొంగ తక్కెడ! పోయినేడు ఒక మాదిరి, ఈ ఏడు ఒక మాదిరి!" అని నాగమ్మ తిరునాళ్ల అంతా వినపడేట్టు అరిచింది. ఆమె అంత సంతోషంగా తిట్టడం నేను అప్పుడే విన్నాను.

అంగడాయన చేతులు జోడించాడు. "అవును పెద్దమ్మా, దొంగదే. ఇంకో అచ్చు పెట్టల్నా?"

"పెట్టు, పెట్టు. పోయినేటి బాకీ కూడా ఉండాది."

మొక్కు తీర్చుకుని మా పందిరి కిందికి వచ్చింది. "చూస్తివా, పిల్లోడు ఎట్ల ఎండిపోయినాడో" అంది, వాడి బుగ్గ నొక్కుతూ.

అప్పటికి నాకు పాఠం వచ్చింది. "అవును, పుల్లలా ఉన్నాడు పాపం" అన్నాను. నాగమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే, డాక్టరు వైపు తిరిగింది.

"ఏమప్పా డాక్టరూ, ఆయమ్మ పొద్దున్నుంచి నిలబడుకోని ఉండాది. నువ్వేమో కాలు మీద కాలేసుకోని కూచ్చోని ఉండావు. లెయ్."

డాక్టరు లేచాడు. నిజంగా లేచాడు. నేను ఆ చేతుల కుర్చీలో కూర్చున్నాను. కూర్చోగానే నాగమ్మ రామసుబ్బడిని ఎత్తి నా ఒళ్లో పెట్టి, తాను దర్శనానికి పోయింది. జనం ఎక్కువ, ఎంతకీ రాలేదు. వాడి బరువుకు నా కాళ్లు తిమ్మిరెక్కాయి. కదలలేకపోయాను. వాడు బెల్లం చేతులతో నా చీర పట్టుకుని, చివరికి తడిపేసి, హాయిగా నిద్రపోయాడు. అది నా ఒక్కగానొక్క మంచి చీర.

పెళ్లి కానిదానికి ఏం తెలుసు అన్న మాటకు నాగమ్మ చచ్చేదాకా క్షమాపణ చెప్పలేదు. ఆ రోజు దర్శనం నుంచి తిరిగివచ్చి నన్ను అట్లా చూసి, "వాన్ని ఎత్తుకోవడం నీకు బాగా వచ్చే" అంది. అది క్షమాపణ కాదు. క్షమాపణగా నేను తీసుకోలేదు కూడా.

కానీ వాణ్ని వెంటనే తిరిగి ఇవ్వలేదు. ఇంకాస్సేపు కూర్చున్నాను.